జావా వెబ్ అప్లికేషన్లలో క్లిక్ చేసే టేబుళ్లు: వరుస ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉదాహరణకి ఒక ఆర్డర్ల టేబుల్ అనుకుందాం. ఆర్డర్ నంబరు, కస్టమర్ పేరు, మొత్తం, స్టేటస్ అని నాలుగు కాలమ్‌లు. వరుస మీద క్లిక్ చేస్తే ఆ ఆర్డర్ వివరాలు తెరుచుకోవాలి. అడిగేవాళ్లలో ఎక్కువమంది జేఎస్‌ఎఫ్ (జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్), ప్రైమ్‌ఫేసెస్ (దాని మీద నడిచే కాంపొనెంట్ల లైబ్రరీ) ప్రాజెక్టుల మీద పనిచేసేవాళ్లే కాబట్టి ఇక్కడ కూడా వాటికే పెద్దపీట. స్ప్రింగ్, జేఎస్‌పీ, వాడిన్, వికెట్ లాంటి ఇతర జావా వెబ్ సాధనాలు వాడేవాళ్ల సంగతి చివర్లో ఉంది.

వరుస మీద క్లిక్ చేస్తే సర్వర్‌కి అసలు ఏం వెళ్తుంది?

మీ ఆర్డర్ ఆబ్జెక్ట్ మాత్రం వెళ్లదు. బ్రౌజర్‌కి జావా ఆబ్జెక్టులు తెలియవు, దాని దగ్గరున్నది హెచ్‌టీఎమ్‌ఎల్ మాత్రమే. వెళ్లేది రెండింట్లో ఒకటి: వరుస స్థానం, అంటే పైనుంచి ఎన్నోది అన్న లెక్క, లేదా వరుస కీ, అంటే డేటాబేస్‌లో ఆ ఆర్డర్‌కి ఉన్న ఐడీ. స్థానం వెళ్తే, సర్వర్ మళ్లీ ఒక లిస్టు తెచ్చుకుని ఆ స్థానంలో ఇప్పుడు ఏముందో చూస్తుంది. ఈలోపు లిస్టు మారిందంటే అంతే సంగతులు. కీ వెళ్తే ఆ గొడవ ఉండదు. కింది ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఈ తేడానే.

జేఎస్‌ఎఫ్ టేబుల్‌లో కమాండ్‌లింక్ (ఫామ్‌ని సర్వర్‌కి పంపే లింక్) నొక్కితే పేజీ రిఫ్రెష్ అవుతోంది, కానీ యాక్షన్ మెథడ్‌లోకి రావడం లేదు. లాగ్‌లో ఎర్రర్ కూడా లేదు. ఎందుకు?

నూటికి తొంభై సార్లు బీన్ (పేజీ డేటాని పట్టుకుని ఉండే జావా ఆబ్జెక్ట్) రిక్వెస్ట్ స్కోప్‌లో, అంటే ఒక్క రిక్వెస్ట్ దాకానే బతికేలా ఉంటుంది. లిస్టుని 'వెతుకు' బటన్ నొక్కినప్పుడు మాత్రమే నింపుతారు. జరిగేది ఇది: మొదటి రిక్వెస్ట్‌లో లిస్టు నిండింది, టేబుల్ గీసింది, బీన్ పోయింది. మీరు లింక్ నొక్కగానే కొత్త బీన్ పుట్టింది, అందులో లిస్టు ఖాళీ. అప్లై రిక్వెస్ట్ వాల్యూస్ దశలో జేఎస్‌ఎఫ్ టేబుల్‌లోని వరుసల్ని ఒక్కొక్కటిగా తిరుగుతూ "నొక్కింది ఈ లింకేనా?" అని చూస్తుంది. లిస్టే ఖాళీ అయితే తిరగడానికి వరుసలే లేవు. నొక్కిన లింక్ దొరకలేదు, కాబట్టి యాక్షన్ ఈవెంట్ పుట్టలేదు. జేఎస్‌ఎఫ్ దృష్టిలో ఇది ఎర్రర్ కాదు, అందుకే లాగ్ శుభ్రంగా ఉంటుంది. రెండు రోజులు డీబగ్గర్ పెట్టుకుని కూర్చోబెట్టే రకం ఇది.

బీన్‌ని వ్యూ స్కోప్‌లోకి, అంటే ఆ పేజీ మీద ఉన్నంతసేపూ బతికేలా మార్చితే సరిపోతుంది. లింక్‌కి, లేదా దాన్ని పట్టుకున్న కాలమ్‌కి రెండర్డ్ షరతు (చూపించాలా వద్దా అన్నది) పెట్టి ఉంటే అదీ చూడండి. పోస్ట్‌బ్యాక్‌లో, అంటే పేజీ తన ఫామ్‌ని తిరిగి సర్వర్‌కి పంపినప్పుడు, ఆ షరతు మళ్లీ లెక్కకొస్తుంది. అప్పుడు అబద్ధమని తేలితే లింక్ నొక్కినట్టే లెక్కలోకి రాదు.

ఒక ఆర్డర్ నొక్కితే దాని పక్క ఆర్డర్ తెరుచుకుంటోంది. అదీ అప్పుడప్పుడూ మాత్రమే. ఇదేం మాయ?

'అప్పుడప్పుడూ' అన్నారు కదా, అసలు సూచన అదే. పేజీ సోర్స్ తెరిచి లింక్ ఐడీ చూడండి. ఫామ్:టేబుల్:3:లింక్ అన్న ధోరణిలో ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ 3 ఆర్డర్ నంబరు కాదు, స్థానం. సున్నా నుంచి లెక్క కాబట్టి నాలుగో వరుస.

మీ బీన్ ప్రతి రిక్వెస్ట్‌కీ డేటాబేస్ నుంచి లిస్టు తాజాగా తెస్తుందనుకోండి, కొత్త ఆర్డర్లు పైన వచ్చేలా సార్ట్ చేసి. ఒకావిడ తెర మీద నాలుగో వరుసలో 1047 నంబరు ఆర్డర్ ఉంది. ఆవిడ చదువుతున్న ఆ అర నిమిషంలో ఇంకెవరో కొత్త ఆర్డర్ పెట్టారు. ఆవిడ 1047 మీద నొక్కింది. సర్వర్ తెచ్చుకున్న కొత్త లిస్టులో అన్నీ ఒక వరుస కిందికి జరిగాయి, నాలుగో స్థానంలో ఇప్పుడున్నది 1048. తెరుచుకున్నదీ అదే. డెవలపర్ మెషీన్ మీద ఒక్కరే వాడతారు కాబట్టి ఇది ఎన్నడూ కనబడదు. ప్రొడక్షన్‌లో పదిమంది ఒకేసారి కూర్చున్నప్పుడే బయటపడుతుంది. చూడ్డానికే అయితే సరే, ఆ లింక్ 'రద్దు చేయి' అయితే పరిస్థితి ఊహించుకోండి.

మెథడ్‌కి ఆర్డర్ ఆబ్జెక్ట్‌నే ఆర్గ్యుమెంట్‌గా ఇస్తున్నాం. ఇక తేడా ఎలా వస్తుంది?

వస్తుంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఈఎల్ (పేజీ నుంచి బీన్‌ని పిలిచే ఎక్స్‌ప్రెషన్ భాష) 2.2 వచ్చాక, అంటే 2009 చివర్లో వచ్చిన జావా ఈఈ 6 నుంచి, యాక్షన్‌లో మెథడ్‌కి ఆర్గ్యుమెంట్ ఇవ్వడం మామూలైపోయింది. చూడ్డానికి ఆ వరుస తాలూకు ఆబ్జెక్టే వెళ్తున్నట్టుంటుంది. కానీ ఆ ఎక్స్‌ప్రెషన్ విలువ పేజీ గీసేటప్పుడు లెక్కించరు, పోస్ట్‌బ్యాక్‌లో మెథడ్‌ని పిలిచే క్షణంలో లెక్కిస్తారు. అప్పటి లిస్టులో ఆ స్థానంలో ఎవరుంటే వాళ్లే మీ ఆర్గ్యుమెంట్. ఆబ్జెక్ట్ బదులు ఆర్డర్ ఐడీ ఇచ్చినా ఇదే కథ. ఎఫ్:సెట్‌ప్రాపర్టీయాక్షన్‌లిజనర్ కూడా అంతే.

పేజీ గీసినప్పటి ఐడీనే వెనక్కి రావాలంటే అది హెచ్‌టీఎమ్‌ఎల్‌లోకి ఎక్కాలి. లింక్ లోపల ఎఫ్:పారమ్ పెట్టి, ఆ విలువని రిక్వెస్ట్ పారామీటర్‌గా చదువుకోవచ్చు. ఇంకా మంచిది, కేవలం వివరాలు చూడటానికైతే కమాండ్‌లింక్ మానేసి హెచ్:లింక్ వాడండి. అది మామూలు గెట్ లింక్. అవతలి పేజీలో ఎఫ్:వ్యూపారమ్ ఆ ఐడీని అందుకుంటుంది. బుక్‌మార్క్ చేసుకోవచ్చు, కొత్త ట్యాబ్‌లో తెరవొచ్చు, పోస్ట్‌బ్యాక్ తలనొప్పి ఉండదు. వివరాల పేజీ అనగానే నేనైతే మొదట దీనివైపే చూస్తాను.

లిస్టుని వ్యూ స్కోప్ బీన్‌లో అట్టిపెట్టుకుంటే స్థానాలు మారవు కాబట్టి పై సమస్య రాదు, నిజమే. కాకపోతే అప్పుడు మీ చేతిలో ఉన్నది పాత డేటా. ఆ లెక్క చివరి ప్రశ్నలో ఉంది.

పాత కోడ్‌లో డేటామోడల్, గెట్‌రోడేటా కనిపిస్తున్నాయి. తీసేయాలా?

పనిచేస్తుంటే జోలికి పోకండి. జేఎస్‌ఎఫ్ 1 రోజుల్లో నొక్కిన వరుసని పట్టుకునే మామూలు దారి అదే. స్థానం మీద ఆధారపడటంలో కొత్త పద్ధతికీ దానికీ తేడా ఏమీ లేదు.

వ్యూ స్కోప్ పెట్టాం. అయినా ప్రతి క్లిక్‌కీ బీన్ కొత్తగా పుడుతోంది.

ఇంపోర్ట్ లైన్ చూడండి. వ్యూస్కోప్డ్ అన్న పేరుతో రెండు అనోటేషన్లు ఉన్నాయి. ఒకటి జావాఎక్స్.ఫేసెస్.బీన్ ప్యాకేజీలోది, పాత మేనేజ్డ్‌బీన్ కోసం. రెండోది జావాఎక్స్.ఫేసెస్.వ్యూ ప్యాకేజీలోది, 2013లో జేఎస్‌ఎఫ్ 2.2తో వచ్చింది, సీడీఐ (బీన్లని పుట్టించి అందించే జావా వ్యవస్థ) కోసం. క్లాస్ మీద నేమ్డ్ (సీడీఐ అనోటేషన్) పెట్టి, ఐడీఈ మొదట చూపించిన ఇంపోర్ట్‌ని ఎంటర్ కొట్టేస్తే పాతది వచ్చి కూర్చుంటుంది. సీడీఐకి అది స్కోపే కాదు. కాబట్టి బీన్ డిపెండెంట్‌గా మారి, పేజీలో ఎక్స్‌ప్రెషన్ వచ్చిన ప్రతిచోటా కొత్త బీన్ పుడుతుంది. ఫేసెస్ (జేఎస్‌ఎఫ్‌కి కొత్త పేరు) 4లో ఆ పాత ప్యాకేజీనే తీసేశారు, ప్యాకేజీ పేర్లు కూడా జకార్తాతో మొదలవుతాయి. అక్కడికి మారినవాళ్లకి ఈ తంటా లేదు.

ప్రైమ్‌ఫేసెస్‌లో వరుస మొత్తం క్లిక్ అయ్యేలా చేయడానికి కనీసం ఏమేం కావాలి?

పీ:డేటాటేబుల్ మీద మూడు అట్రిబ్యూట్లు. సెలెక్షన్‌మోడ్‌కి సింగిల్ అని ఇవ్వండి. సెలెక్షన్‌కి బీన్‌లోని సెలెక్టెడ్ఆర్డర్ ప్రాపర్టీని కట్టండి. రోకీకి ఆర్డర్ ఐడీ. క్లిక్ అయిన వెంటనే ఏదైనా జరగాలంటే లోపల ఒక పీ:ఏజాక్స్ పెట్టి ఈవెంట్‌గా రోసెలెక్ట్ రాయండి, అప్‌డేట్‌లో వివరాల ప్యానెల్ ఐడీ ఇవ్వండి. లిజనర్‌లో సెలెక్ట్ఈవెంట్ నుంచి గెట్ఆబ్జెక్ట్ పిలిస్తే ఆర్డర్ చేతికొస్తుంది.

డైలాగ్‌లో వివరాలు చూపిస్తుంటే ఆ డైలాగ్‌ని టేబుల్ ఉన్న ఫామ్ బయట, దాని సొంత ఫామ్‌తో పెట్టండి. ఫామ్‌లో ఫామ్ హెచ్‌టీఎమ్‌ఎల్ ఒప్పుకోదు. డైలాగ్ తెరుచుకుని లోపల ఖాళీగా ఉంటే, అప్‌డేట్ మర్చిపోయారని అర్థం.

"డేటామోడల్ సెలెక్టబుల్‌డేటామోడల్‌ని ఇంప్లిమెంట్ చేయాలి" అని ఎర్రర్ వస్తోంది. కొత్త క్లాస్ రాయాలా?

అక్కర్లేదు. రోకీ రాయండి, పోతుంది. ఆ ఇంటర్‌ఫేస్ పాత వెర్షన్ల అవసరం. ఎర్రర్ మెసేజ్‌ని అక్షరాలా నమ్మి క్లాస్ రాసేసినవాళ్లు కొల్లలు.

రోకీ ఎంచుకునేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అది ప్రతి వరుసకీ వేరుగా ఉండాలి, ఖాళీగా ఉండకూడదు. కస్టమర్ పేరు పెడితే ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరిని నొక్కినా ఒకరే వస్తారు. జాయిన్ క్వెరీ వల్ల ఒకే ఆర్డర్ రెండు వరుసల్లో కనిపిస్తుంటే, ఆర్డర్ ఐడీ కూడా చాలదు. లైన్ ఐటమ్ ఐడీ కావాలి. ఇంకా సేవ్ కాని కొత్త వరుసలు టేబుల్‌లో ఉంటే వాటి ఐడీ నల్ కదా, వాటికి తాత్కాలికంగా ఒక యూయూఐడీ (దేనికదే వేరుగా ఉండే ఐడీ) ఇవ్వడం మంచిది. మీరిచ్చిన కీ నిజంగా పేజీలోకి వెళ్లిందో లేదో బ్రౌజర్ ఇన్‌స్పెక్టర్‌లో చూడొచ్చు: ప్రతి టీఆర్ మీదా డేటా-ఆర్‌కే అన్న అట్రిబ్యూట్‌లో ఉంటుంది.

వరుస రంగు మారింది, అంటే సెలెక్ట్ అయింది. కానీ బటన్ నొక్కితే బీన్‌లో సెలెక్టెడ్ఆర్డర్ నల్. ఎందుకు?

రంగు మారడం బ్రౌజర్‌లో జరిగే పని. సర్వర్‌కి అది తెలియాలంటే టేబుల్ కూడా ఆ రిక్వెస్ట్‌లో ప్రాసెస్ అవ్వాలి. ఎంచుకున్న కీలు టేబుల్ తాలూకు ఒక హిడెన్ ఫీల్డ్‌లో ఉంటాయి. మీ బటన్ మీద ప్రాసెస్ అట్రిబ్యూట్‌లో యాట్-దిస్ ఒక్కటే ఉంటే బటన్ తప్ప ఇంకేదీ ప్రాసెస్ కాదు. టేబుల్ ఐడీ కూడా చేర్చండి. బటన్ వేరే ఫామ్‌లో ఉంటే ఆ హిడెన్ ఫీల్డ్ సర్వర్‌కి వెళ్లకపోవచ్చు. అప్పుడు బటన్‌ని టేబుల్ ఉన్న ఫామ్‌లోకే తెచ్చేయండి.

అదీ సరిగ్గానే ఉంటే, అదే ఫామ్‌లో ఏదో ఒక రిక్వైర్డ్ ఫీల్డ్ ఖాళీగా ఉండి ఉంటుంది. వాలిడేషన్ దగ్గరే ఆగిపోతే బీన్‌లోకి విలువలు రావు. పీ:మెసేజెస్ ఒకటి పెట్టి చూస్తే దొంగ దొరుకుతాడు.

లేజీడేటామోడల్ వాడితే సెలెక్షన్ పనిచేయడం లేదు.

లేజీ మోడల్‌లో టేబుల్ దగ్గర మొత్తం లిస్టు ఉండదు, ప్రస్తుత పేజీ మాత్రమే ఉంటుంది. అందుకని కీ నుంచి ఆబ్జెక్ట్‌ని ఎలా తేవాలో మీరే చెప్పాలి. గెట్‌రోకీ, గెట్‌రోడేటా రెండూ ఓవర్‌రైడ్ చేయండి.

గెట్‌రోడేటాలో రెండు గుంటలు. ఒకటి, కీ స్ట్రింగ్‌గా వస్తుంది. మీ ఐడీ లాంగ్. "1047" అన్న స్ట్రింగ్‌ని 1047 అన్న లాంగ్‌తో ఈక్వల్స్ పెట్టి పోలిస్తే జావా ఎప్పటికీ ఫాల్స్ అంటుంది, కంపైలర్ కిక్కురుమనదు. లాంగ్.వాల్యూఆఫ్‌తో మార్చి పోల్చండి. రెండు, నెట్‌లో కనిపించే చాలా ఉదాహరణలు ప్రస్తుత పేజీ లిస్టులోనే వెతుకుతాయి. యూజర్ మొదటి పేజీలో రెండు టిక్కులు పెట్టి మూడో పేజీకి వెళ్తే మొదటి పేజీ ఆర్డర్లు ఆ లిస్టులో ఉండవు, నల్ వస్తుంది, టిక్కులు గల్లంతు. పేజీలో లేకపోతే డేటాబేస్ నుంచి ఐడీతో తెచ్చేలా రాయండి.

హెడర్‌లో ఉన్న 'అన్నీ ఎంచుకో' చెక్‌బాక్స్ ఈ పేజీలోవా, మొత్తమా?

ప్రైమ్‌ఫేసెస్‌లో మీరేమీ చెప్పకపోతే ఈ పేజీలోవే. సెలెక్షన్‌పేజ్‌ఓన్లీని ఫాల్స్ చేస్తే మొత్తం. సాంకేతికంగా ఇది ఒక్క అట్రిబ్యూట్ విషయమే, కానీ యూజర్‌కి ఆ తేడా ఎలా తెలుస్తుంది? "ఈ పేజీలో 20 ఎంచుకున్నారు" అని టేబుల్ పైన ఒక లైను చూపించకపోతే ఎవరో ఒకరు అన్నీ ఎంచుకున్నామనుకుని ఇరవై మాత్రమే ప్రింట్ తీస్తారు. అంతకంటే ఘోరం, ఇరవై అనుకుని అన్నీ రద్దు చేస్తారు.

అన్నీ అంటే వేలల్లో ఉంటే?

ఐడీలు పంపకండి, ఫిల్టర్ పంపండి. "స్టేటస్ పెండింగ్, ఈ నెల" అన్న షరతే సర్వర్‌కి వెళ్లాలి, అప్‌డేట్ క్వెరీ ఆ షరతు మీదే నడవాలి. యూజర్ మధ్యలో నాలుగు టిక్కులు తీసేస్తే ఆ నాలుగు ఐడీల్ని మినహాయింపుగా పంపండి. అమలు చేసే ముందు "312 ఆర్డర్లు మారతాయి, సరేనా?" అని సర్వర్ లెక్కించి అడగాలి.

ఐడీలే పంపుతామంటే ఎదురయ్యే గోడలు ఇవి. టామ్‌క్యాట్ సర్వర్‌లో ఒక రిక్వెస్ట్‌కి పారామీటర్ల పరిమితి ఉంటుంది. మాక్స్‌పారామీటర్‌కౌంట్ దాని పేరు, ఒక్కో టిక్కు ఒక్కో పారామీటర్‌గా లెక్క. పాత వెర్షన్లలో పరిమితి దాటినవి నిశ్శబ్దంగా రాలిపోతాయి, అదే ప్రమాదం. ఆ గోడ దాటినా డేటాబేస్ దగ్గర ఇంకోటి ఉంది: ఒరాకిల్ పాత వెర్షన్లలో ఇన్ క్లాజ్‌లో వెయ్యికి మించి రాస్తే వచ్చే ఓఆర్ఏ-01795 ఎర్రర్ ఏళ్ల తరబడి అందరికీ పరిచయమే.

జేఎస్‌ఎఫ్ లేదు. స్ప్రింగ్ ఎంవీసీ, థైమ్‌లీఫ్ లేదా ఉత్త జేఎస్‌పీ. ఎలా చేయాలి?

ప్రతి టీఆర్ మీదా డేటా-ఐడీ పెట్టండి. క్లిక్ లిజనర్ ఒక్కో వరుసకీ వద్దు, టీబాడీ మీద ఒక్కటి చాలు. ఈవెంట్ టార్గెట్ నుంచి క్లోజెస్ట్‌తో టీఆర్‌ని పట్టుకుని దాని డేటా-ఐడీ చదవండి. ఏజాక్స్‌తో వరుసలు కొత్తగా వచ్చినా ఇది పనిచేస్తూనే ఉంటుంది.

ఏ ట్యాగ్‌తో టీఆర్ మొత్తాన్ని చుట్టేయడం హెచ్‌టీఎమ్‌ఎల్‌లో చెల్లదు, బ్రౌజర్ ఆ లింక్‌ని టేబుల్ బయటికి నెట్టేస్తుంది. మొదటి సెల్‌లో ఆర్డర్ నంబరునే అసలు లింక్‌గా ఉంచి, మిగతా వరుస క్లిక్‌ని జావాస్క్రిప్ట్‌తో దానికే పంపండి. కీబోర్డ్‌తో వాడేవాళ్లకి, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి ఆ లింక్ ఆధారం. మౌస్ మధ్య బటన్‌తో కొత్త ట్యాబ్‌లో తెరిచేవాళ్లకీ అంతే.

చెక్‌బాక్సులైతే అన్నిటికీ ఒకే నేమ్, వాల్యూలో ఐడీ. సర్వ్‌లెట్‌లో గెట్‌పారామీటర్‌వాల్యూస్‌తో చదవండి. ఒక్క టిక్కూ లేకపోతే అది ఖాళీ అర్రే ఇవ్వదు, నల్ ఇస్తుంది. అమీర్‌పేట కోచింగ్‌లో జేఎస్‌పీ నేర్చుకున్నవాళ్లకి ఇది మొదటి వారంలోనే నల్‌పాయింటర్‌గా పరిచయమయ్యే ఉంటుంది. స్ప్రింగ్‌లో అయితే రిక్వెస్ట్‌పారమ్‌కి రిక్వైర్డ్ ఫాల్స్ పెట్టకపోతే 400 ఎర్రర్ వస్తుంది.

వరుసలో డిలీట్ బటన్ కూడా ఉంది. అది నొక్కితే వివరాల పేజీ కూడా తెరుచుకుంటోంది.

బటన్ మీది క్లిక్ పైకి పాకి వరుస దాకా వస్తుంది. వరుస లిజనర్ మొదటి లైన్లోనే, టార్గెట్ లింక్‌లోనో బటన్‌లోనో ఇన్‌పుట్‌లోనో ఉంటే వెనక్కి తిరిగిపోయేలా రాయండి. ఇంకో షరతు కూడా చేర్చండి: యూజర్ ఆర్డర్ నంబరు కాపీ చేసుకోవడానికి మౌస్‌తో లాగి ఉంటే, అంటే విండో.గెట్‌సెలెక్షన్ ఖాళీగా లేకపోతే, ఏమీ చేయకూడదు. ఆఫీసుల్లో రోజంతా నంబర్లు కాపీ చేసేవాళ్లు దీనికే ఎక్కువ విసుక్కుంటారు.

ఆ డిలీట్‌ని మాత్రం గెట్ లింక్‌గా పెట్టకండి. పోస్ట్‌గా పెట్టండి, సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్‌తో (రిక్వెస్ట్ మన పేజీ నుంచే వచ్చిందని చెప్పే గుర్తు).

సింగిల్ క్లిక్‌కి ఒక పని, డబుల్ క్లిక్‌కి ఇంకోటి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కాకపోతే డబుల్ క్లిక్‌కి ముందు రెండు సింగిల్ క్లిక్‌లు కూడా వస్తాయని గుర్తుంచుకోండి. సింగిల్‌కి ఎంపిక, డబుల్‌కి తెరవడం అయితే ఇబ్బంది లేదు. ప్రైమ్‌ఫేసెస్‌లో దానికి రోడీబీఎల్‌సెలెక్ట్ ఈవెంట్ ఉంది. ఫోన్‌లో వాడే అప్లికేషన్ అయితే డబుల్ క్లిక్ ఆలోచనే మానుకోండి.

ఎంచుకున్న ఆర్డర్‌ని సెషన్‌లో దాస్తే తప్పేంటి? ఏ పేజీలోనైనా దొరుకుతుంది కదా.

ఒక్క ట్యాబ్ ఉన్నంతకాలం తప్పేం లేదు. ఒక ట్యాబ్‌లో 1047 ఎడిట్ తెరిచి, ఇంకో ట్యాబ్‌లో 1052 తెరిచారనుకోండి. సెషన్‌లో ఇప్పుడున్నది 1052. మొదటి ట్యాబ్‌కి వచ్చి సేవ్ నొక్కితే 1047 కోసం టైప్ చేసిన చిరునామా 1052లో పడుతుంది. ఏ టెస్ట్ కేసులోనూ దొరకదు, కస్టమర్ ఫోన్ చేసినప్పుడే తెలుస్తుంది. ఎంపిక ఆ పేజీది, యూజర్‌ది కాదు. ఐడీని యూఆర్‌ఎల్‌లోనో ఫామ్‌లోనో వ్యూ స్కోప్‌లోనో ఉంచండి.

ఐడీ యూఆర్‌ఎల్‌లో ఉంటే ఎవరైనా మార్చేయరా?

మారుస్తారు. 1047 తీసి 1046 కొట్టి చూడటానికి హ్యాకర్ అవ్వక్కర్లేదు, కాస్త కుతూహలం చాలు. హిడెన్ ఫీల్డ్‌లో పెట్టినా, డేటా అట్రిబ్యూట్‌లో పెట్టినా అంతే. టేబుల్‌లో కనిపించింది కాబట్టి చూసే హక్కు ఉన్నట్టే అనుకోకండి. ఐడీతో ఆర్డర్ తెచ్చే ప్రతిచోటా, అది ఈ యూజర్‌దేనా అని క్వెరీలోనే అడగండి. బల్క్ అప్‌డేట్‌లో వచ్చిన ఐడీల జాబితాకి కూడా ఇదే తనిఖీ. అందరూ మర్చిపోయేది ఈ బల్క్ దగ్గరే.

వాడిన్, వికెట్‌లో సంగతి?

వాడిన్ గ్రిడ్‌లో మామూలుగా సింగిల్ సెలెక్షన్ ఉంటుంది. ఎంచుకున్న వరుసనే మళ్లీ నొక్కితే ఎంపిక పోతుంది. అది వద్దనుకుంటే సింగిల్ సెలెక్షన్ మోడల్‌లో సెట్‌డీసెలెక్ట్అలౌడ్‌ని ఫాల్స్ చేయండి. మల్టీ మోడ్‌లో చెక్‌బాక్స్ నొక్కితేనే ఎంపిక. వరుస మీద క్లిక్ కావాలంటే ఐటమ్‌క్లిక్ లిజనర్ విడిగా పెట్టుకోవాలి. రెండు ఆబ్జెక్టులు ఒకటేనా అని ఈక్వల్స్, హ్యాష్‌కోడ్‌తో చూస్తుంది కాబట్టి ఎంటిటీలో, అంటే డేటాబేస్ వరుసకి సరిపోలే జావా క్లాస్‌లో, వాటిని ఐడీ మీద రాయండి, లేదా డేటాప్రొవైడర్‌లో గెట్ఐడీ ఇవ్వండి.

వికెట్‌లో డేటాటేబుల్‌ని ఎక్స్‌టెండ్ చేసి న్యూరోఐటమ్‌లో ఏజాక్స్ఈవెంట్‌బిహేవియర్ తగిలించడం మామూలు పద్ధతి. ఈవెంట్ పేరు వికెట్ 6 నుంచి క్లిక్, అంతకుముందు ఆన్‌క్లిక్. వరుస మోడల్ లోడబుల్‌డిటాచబుల్ అయితే సెషన్‌లో ఐడీ మాత్రమే మిగులుతుంది.

రిచ్‌ఫేసెస్ మీద ఇంకా ఉన్నవాళ్లకి: 2016 జూన్‌తోనే దాని మద్దతు ముగిసింది. సెలెక్షన్ బగ్ సరిచేయడం కన్నా అక్కడి నుంచి బయటపడటం మీద సమయం పెట్టండి.

డిలీట్ చేశాక కూడా వివరాల ప్యానెల్‌లో పాత ఆర్డరే కనిపిస్తోంది. ఒక్కోసారి వేరేవాళ్లు మార్చింది మా సేవ్‌తో చెరిగిపోతోంది.

రెండూ ఒక్క జబ్బే. సెలెక్టెడ్ఆర్డర్‌లో ఉన్నది క్లిక్ చేసినప్పటి కాపీ. డిలీట్ అయ్యాక దాన్ని నల్ చేసి, టేబుల్‌నీ ప్యానెల్‌నీ రెండిటినీ అప్‌డేట్ చేయండి. లిస్టుని మళ్లీ లోడ్ చేసినప్పుడు సెలెక్టెడ్ఆర్డర్‌ని కూడా ఐడీతో తాజాగా తెచ్చుకోండి.

సేవ్ సంగతికి, ఎంటిటీలో వెర్షన్ అనోటేషన్‌తో ఒక కాలమ్ పెట్టండి, మధ్యలో ఎవరైనా మార్చారా అన్న తనిఖీ ఆ నంబరుతోనే జరుగుతుంది. ఎడిట్ మొదలైనప్పటి వెర్షన్ నంబరు సేవ్ దాకా అదే ఆబ్జెక్ట్‌లో ఉండాలి. సేవ్ మెథడ్‌లో ఫైండ్ చేసి కొత్త కాపీలోకి ఫీల్డులు దించుకుంటే ఆ కాపీది కొత్త వెర్షన్ కాబట్టి తనిఖీ ఉత్తుత్తిదే అవుతుంది. నేరుగా మెర్జ్ చేయండి. ఆప్టిమిస్టిక్‌లాక్ఎక్సెప్షన్ వస్తే దాన్ని మింగేయకుండా "ఈ ఆర్డర్ ఇప్పుడే మారింది, మళ్లీ తెరవండి" అని చూపించి, యూజర్ టైప్ చేసింది మాత్రం తెర మీద అలాగే ఉంచండి.